నోరు మెదపకుండా గెలిచే గేముతో ఇంగ్లీషు ఎలా వస్తుంది?

హైస్కూలు పిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి ఆన్‌లైన్ గేములు వాడాలన్న మాట ఈమధ్య తరచూ వినిపిస్తోంది. యాప్‌లు అమ్మేవాళ్ళు అంటున్నారు, బళ్ళవాళ్ళు అంటున్నారు, మన సాఫ్టువేరు జనాలం ఇంకాస్త గట్టిగా అంటున్నాం. మంచిదే. కానీ "ఏ గేము? దాంతో క్లాసులో ఏం చేయిస్తారు?" అని రెండో ప్రశ్న వేస్తే ఎక్కువగా వచ్చే జవాబు ఒకటే... క్విజ్. తెర మీద ఒక ప్రశ్న, కింద నాలుగు రంగుల డబ్బాలు, పక్కన పరిగెత్తే గడియారం, చివర్లో ఎవరు ముందున్నారో చూపించే పట్టిక, దానికో మ్యూజిక్కు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా దెబ్బలాడుకోవచ్చు. పిల్లలు నోరు మెదపకుండా గెలవగలిగే గేము ఏదైనా సరే, దాన్ని ఇంగ్లీషు క్లాసులోకి తేవడం దండగ. రంగులెన్ని ఉన్నా, బొమ్మలెన్ని ఎగిరినా అది స్లిప్ టెస్టే.

కహూట్ నార్వేలో పుట్టి 2013లో జనంలోకి వచ్చింది. క్విజిజ్ మన బెంగళూరులోనే 2015లో మొదలైంది (2025లో పేరు మార్చుకుని వేగ్రౌండ్ అయ్యింది, ఆ పేరెందుకో నన్నడక్కండి). వీటి వెనకున్న ఇంజినీరింగు మీద నాకు గౌరవమే. అంతమంది ఒకేసారి నొక్కుతుంటే ఎక్కడా ఆగకుండా స్కోరు చూపించడం ఎంత పనో మనకి తెలియనిదా? టీచరుకి పేపర్లు దిద్దే బాధ తప్పుతుంది, ఎవరికి ఏది ఎక్కలేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. పరీక్షగా చూస్తే బ్రహ్మాండమైన పరీక్ష. కానీ కహూట్‌లో త్వరగా నొక్కినవాళ్ళకి ఎక్కువ పాయింట్లు. అంటే జవాబు ముందే తెలిసినవాళ్ళకి బహుమానం అన్నమాట. ప్రశ్న చదివి, మనసులో దాన్ని తెలుగులోకి తెచ్చుకుని, జవాబు ఆలోచించి, మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళాల్సిన పిల్లకి ఆ టైము చాలదు. మూడు ప్రశ్నలయ్యేసరికి ఆ పిల్ల ఏదో ఒక రంగు నొక్కేయడం మొదలుపెడుతుంది. అదృష్టం బాగుండి ఎర్రడబ్బా కరెక్టయితే గంతులు కూడా వేస్తుంది. చూసేవాళ్ళకి క్లాసంతా ఉత్సాహంగా ఉన్నట్టే కనిపిస్తుంది, ఫొటో కూడా బాగా వస్తుంది.

2007లో ఫ్రీరైస్ అని ఒకటి మొదలైంది, మీలో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఇంగ్లీషు మాటకి సరైన అర్థం ఎంచుకుంటే ప్రపంచ ఆహార కార్యక్రమానికి ఇన్ని బియ్యపు గింజలని లెక్క. బిల్డు అవుతున్నంతసేపూ ఆఫీసులో కూర్చుని అది ఆడినవాళ్ళం చాలామందిమే ఉన్నాం. మంచి పని, కాదనను. కానీ అక్కడ నొక్కి నొక్కి తెలుసుకున్న ఆ గడ్డు మాటల్లో ఒక్కదాన్నయినా ఎవరైనా ఏ క్లయింటు కాల్లోనైనా వాడగా విన్నారా?

అసలు తెలుగు పిల్లల బాధ ఇంగ్లీషు మాటలు రాకపోవడం కాదండీ. పల్లెటూరి ఏడో తరగతి కుర్రాడి నోట రోజుకి ఎన్ని ఇంగ్లీషు మాటలు వస్తాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. బస్సు, టికెట్టు, ఛార్జింగు, రీఛార్జి, సిగ్నలు, మ్యాచి, అవుటు, టెన్షను, ఫీజు, సెల్ఫీ... ఆపకుండా చెప్పుకుంటూ పోవచ్చు. "పబ్జీ ఆడితే ఇంగ్లీషు దానంతటదే వస్తుందండీ, మావాడు హెడ్‌సెట్టు పెట్టుకుని గడగడా మాట్లాడేస్తాడు" అని మురిసిపోయే నాన్నలు మనందరికీ తెలుసు. ఆ గడగడ కాస్త చెవిపెట్టి వినండి. "రేయ్, ఎనిమీ లెఫ్ట్‌లో ఉన్నాడ్రా, కవర్ ఇవ్వు, ముందు నన్ను రివైవ్ చెయ్!" వాక్యం మొత్తం అచ్చ తెలుగు వాక్యం. కర్త, కర్మ, క్రియ అన్నీ మనవే, మధ్యలో నాలుగు అద్దె మాటలు. మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం? "బిల్డ్ బ్రేక్ అయ్యింది, రోల్‌బ్యాక్ చేసి లీడ్‌కి మెయిల్ కొట్టు" అంటాం. ఇందులో తప్పేమీ లేదు, భాషలు అలాగే బతుకుతాయి. నేననేది ఏంటంటే, ఇలాంటివి ఇంకో ఐదొందల మాటలు పోగేసుకున్నంత మాత్రాన వాక్యం పుట్టదు. క్విజ్ గేములు చేసే పని ఈ పోగేయించడమే.

లోటు ఎక్కడుందంటే... ప్రశ్న అడగడంలో. ఎదుటివాళ్ళని మధ్యలో ఆపడంలో. "మీరు చెప్పింది అర్థం కాలేదు, ఇంకోసారి చెప్తారా" అనడంలో. "మొదటిదా, చివరిదా? ఏదంటున్నారు?" అని తేల్చుకోవడంలో. ఫ్రెషర్లని ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. కుర్రాడు కోడు చక్కగా రాస్తాడు. లాజిక్కు అడిగితే కాగితం మీద గీసి చూపిస్తాడు. "ఇలా ఎందుకు చేశావు, వేరేలా ఎందుకు కాదు?" అంటే మాత్రం మూడు ముక్కలు చెప్పి ఆగిపోతాడు. ప్రశ్న సగమే అర్థమైనా మళ్ళీ అడగమనడు, "ఎస్ సార్" అంటాడు. తర్వాత ఫీడ్‌బ్యాకులో "కమ్యూనికేషన్ వీక్" అని రెండు మాటలు పడతాయి. ఆ రెండు మాటలతో ఇంటికెళ్ళిపోయినవాళ్ళలో, లోపలున్న కొంతమంది కంటే బుర్ర ఉన్నవాళ్ళని నేను చూశాను. ఇంగ్లీషు క్లాసులో గేము ఏది అన్న ప్రశ్న నాకు చిన్నదిగా అనిపించకపోవడానికి కారణం అదే.

పైగా ఇప్పుడు మీడియమే మారిపోయింది. తెలంగాణ ప్రభుత్వ బళ్ళలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. ఆంధ్రాలో ఆ మార్పు అంతకుముందే మొదలై కోర్టుల దాకా వెళ్ళింది. రెండుచోట్లా ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు వేశారు. అది మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడొద్దు, అది పెట్టుకుంటే తెల్లారిపోతుంది. కానీ ఆ క్లాసులో కూర్చున్న పిల్ల రోజు మొత్తమ్మీద సొంతంగా, అంటే చదివి అప్పజెప్పకుండా, ఎన్ని ఇంగ్లీషు వాక్యాలు మాట్లాడుతోంది? "మే ఐ కమిన్ టీచర్", "ఎస్ టీచర్", "ఫినిష్డ్ టీచర్" తీసేసి లెక్కపెట్టండి.

ఇక్కడ ఎన్.ఎస్. ప్రభు గారి గురించి చెప్పాలి. గేముల మీద మాట్లాడేవాళ్ళు ఈయన పేరెత్తగా నేను వినలేదు, కానీ నా దృష్టిలో అసలు స్పెసిఫికేషన్ రాసింది ఈయనే. మద్రాసులో బ్రిటిష్ కౌన్సిల్లో పనిచేసేవారు. 1979 నుంచి 1984 దాకా దక్షిణాది మామూలు బళ్ళలో ఒక ప్రయోగం నడిపారు, బెంగళూరు ప్రాజెక్టు అంటారు దాన్ని. కంప్యూటర్లు లేవు, ప్రొజెక్టర్లు లేవు, ఉన్నది నల్లబల్ల, సుద్దముక్క. ఆయన చేసిందేమిటంటే గ్రామర్ పాఠం పక్కనపెట్టి పిల్లలకి పనులిచ్చారు. రైళ్ళ టైంటేబుల్ చూసి ఏ బండి ఎక్కాలో తేల్చడం, మ్యాపు చూసి దారి చెప్పడం లాంటివి. ధ్యాస అర్థం మీద ఉన్నప్పుడే భాష నిర్మాణం లోపలికి దిగుతుందని ఆయన వాదన. దాని మీద ఆయన పుస్తకం 1987లో వచ్చింది. టాస్కుల ద్వారా భాష నేర్పడం అని ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునే పద్ధతికి తొలి అడుగుల్లో ఇదొకటి, అదీ మన పక్కూళ్ళ బళ్ళలో పడింది.

ఆ పనుల్ని ఆయన మూడు రకాలుగా విడగొట్టారు. మూడింట్లోనూ ఉండాల్సింది ఒక ఖాళీ. మొదటిది, నా దగ్గరున్న సమాచారం నీ దగ్గర లేదు, నీ దగ్గరున్నది నా దగ్గర లేదు, మాట్లాడితే గానీ పని జరగదు. రెండోది, సమాచారం ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది కానీ దాన్నుంచి ఒక మాట తేల్చాలంటే ఆలోచించాలి. మూడోది, ఎవరి అభిప్రాయం వాళ్ళది, చెప్పి ఒప్పించుకోవాలి. ప్రభు గారి మొగ్గు రెండోదాని వైపు. ఇప్పుడు ఏ గేమునైనా తెచ్చి ఈ కొలబద్ద మీద పెట్టండి. నాలుగు డబ్బాల క్విజ్‌లో ఏ ఖాళీ ఉంది? జవాబు సిస్టంకి తెలుసు, టీచరుకి తెలుసు, పిల్లలకి ఒకరితో ఒకరికి పని లేదు. ఏ ఖాళీ లేదు.

ఈ కొలబద్ద మీద నిలబడే గేము ఒకటి చెప్తాను. పేరు కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్, కెనడావాళ్ళు చేసింది, 2015లో వచ్చింది. తెర ముందు ఒక్కరే కూర్చుంటారు. వాళ్ళకి ఒక బాంబు కనిపిస్తుంది, దాని మీద వైర్లు, బటన్లు, వింత గుర్తులు. టైము అయిపోతుంటుంది. దాన్ని ఎలా ఆపాలో వాళ్ళకి తెలియదు. మిగతావాళ్ళ చేతిలో 23 పేజీల మాన్యువల్ ఉంటుంది, వాళ్ళు తెర చూడకూడదు. అంతే గేము. చూసేవాళ్ళు చెప్పాలి, చదివేవాళ్ళు అడగాలి, మళ్ళీ చెప్పాలి.

ఆ మాన్యువల్ చూస్తే మనవాళ్ళకి ప్రాణం లేచొస్తుంది, ఎందుకంటే అదంతా ఇఫ్-ఎల్స్. మూడు వైర్లుంటే, ఎర్రది ఒక్కటీ లేకపోతే రెండోది కత్తిరించు, ఉంటే చివరిది తెల్లదేమో చూడు, కాకపోతే నీలం ఒకటికంటే ఎక్కువుందా చూడు... ఇలా పోతుంది. తొమ్మిదో తరగతి గ్రామర్ పుస్తకంలో ఇఫ్ క్లాజులంటూ పది వాక్యాలిచ్చి ఖాళీలు పూరించమంటారే, అవే వాక్యాలు. తేడా ఏంటంటే ఇక్కడ ఖాళీ పూరించకపోతే బాంబు పేలుతుంది :) "హౌ మెనీ వైర్స్?", "ఈజ్ ద లాస్ట్ వన్ వైట్?", "వెయిట్, వెయిట్, సే దట్ అగైన్!" ఇవన్నీ ఎవరూ బట్టీ పట్టించకుండా బయటికొస్తాయి. వింత గుర్తుల పేజీ అయితే ఇంకా మజా. వాటికి పేర్లుండవు, పోల్చి చెప్పాలి. "ఇట్ ఈజ్ లైక్... మన బండి ఱ!" అని ఎవడో ఒకడు అంటాడు చూడండి. ఇంకో భాగంలో ఒకేలా వినపడి వేరే స్పెల్లింగు ఉన్న మాటలుంటాయి. యువర్ అంటే ఏ యువర్, దెయిర్ అంటే ఏ దెయిర్ అని అక్షరమక్షరం చెప్పుకోవాల్సిందే. స్పెల్లింగు ఎందుకు నేర్చుకోవాలో ఇంతకంటే బాగా చెప్పే పాఠం నేను చూడలేదు.

ఇందులో ఇంకో సుఖముంది. తప్పొప్పులు తేల్చేది టీచరు కాదు, బాంబు. "ఐ నో అండర్‌స్టాండ్, విచ్ వైర్ ఐ కట్?" అన్నా సరైన వైరు తెగితే గెలిచినట్టే. అందరి ముందూ ఇంగ్లీషులో తప్పు మాట్లాడి నవ్వులపాలవుతామన్న భయం ఎంత ఉంటుందో తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళందరికీ తెలుసు. ఆ కాసేపు ఆ భయం గుర్తురాదు. టీచర్లకి కూడా ఊరటే. నిన్నటిదాకా తెలుగులో చెప్పి ఇవాళ్టి నుంచి ఇంగ్లీషులో చెప్పమంటే వాళ్ళ గుండెల్లో ఉండే దడ గురించి మనం పెద్దగా మాట్లాడుకోం.

అలాగని ఆ తప్పుల ఇంగ్లీషు అక్కడే గట్టిపడిపోతే? ఇది నేను కల్పించుకున్న అభ్యంతరం కాదు, సాక్షాత్తూ ప్రభు గారిదే. పిల్లల్ని గుంపులుగా వదిలేసి వాళ్ళలో వాళ్ళని మాట్లాడించడం ఆయనకి అంతగా నచ్చలేదు. ఒకరి తప్పులు ఇంకొకరికి అంటుకుని అదే భాష అయిపోతుందని ఆయన భయం. ఆ మాటలో బలముంది. అందుకే గేము అయ్యాక పది నిమిషాలు నా లెక్కలో గేము కంటే ముఖ్యం. ఆడేటప్పుడు టీచరు ఏమీ దిద్దకూడదు, ఓ మూల నిలబడి విన్న వాక్యాలు కాగితం మీద రాసుకోవాలి. తర్వాత పేర్లు చెప్పకుండా ఓ ఐదారు బోర్డు మీద రాసి, "దీన్ని బాంబు దగ్గరున్నవాడు ఒక్కసారికే అర్థం చేసుకునేలా ఎలా చెప్పొచ్చు?" అని అడగాలి. మన భాషలో చెప్పాలంటే ముందు రన్ అవ్వనివ్వండి, రివ్యూ తర్వాత.

సరే, దీన్ని ఎనిమిదో తరగతి 'బి' సెక్షన్లో పెట్టారనుకుందాం. మొదటి నిమిషంలో ఏం జరుగుతుంది? "ఒరేయ్ ఎర్రది రెండోదిరా, కొయ్, కొయ్!" ఎవరైనా అంతే కదా, ఇద్దరికీ తెలుగొచ్చినప్పుడు ఇంగ్లీషులో మాట్లాడుకోవడం నాటకంలా ఉంటుంది. తెలుగు మాట్లాడితే రూపాయి ఫైను అనే బళ్ళున్నాయి, ఆ పద్ధతంటే నాకు ఒళ్ళుమంట. సొంత భాష మాట్లాడినందుకు శిక్షేమిటి? ఫైను అక్కర్లేదు, తెలుగు రానివాళ్ళని అవతల కూర్చోబెడితే చాలు.

అలాంటి శ్రోత ఒకరు మెషీన్. దీని వెనక హైదరాబాదు కథ ఒకటుంది. గోడకి కంప్యూటరు పెట్టి పిల్లలకి వదిలేసిన సుగతా మిత్రా పేరు వినే ఉంటారు. ఆయన, జేమ్స్ టూలీ, ఇంకొందరు కలిసి హైదరాబాదులో 16 మంది పిల్లలతో ఐదు నెలలు ఒక ప్రయోగం చేసి 2003లో ప్రచురించారు. పిల్లలకి ఇచ్చింది ఇంగ్లీషు నేర్పే సాఫ్టువేరు, కొన్ని ఇంగ్లీషు సినిమాలు, మాట వింటే టైపు చేసే ప్రోగ్రాం ఒకటి. పిల్లల మాట ఆ ప్రోగ్రాంకి అర్థమయ్యి సరిగ్గా టైపు చెయ్యాలి, అదీ పందెం. టీచరు జోక్యం లేకుండానే ఉచ్చారణ మెరుగుపడిందని తేల్చారు. పదహారు మందితో చేసినదాన్ని పట్టుకుని టీచర్లే అక్కర్లేదనే దాకా వెళ్ళేవాళ్ళుంటారు, నేను అంత దూరం వెళ్ళను. అది ఉచ్చారణ ఒక్కదాని గురించే. కానీ అప్పట్లో ఆ ప్రోగ్రాంకి ముందు ఒక గొంతు అలవాటు చేయాల్సి వచ్చేది, ఇవాళ ఏ మామూలు ఫోన్లోనైనా వాయిస్ టైపింగు ఉచితంగా ఉంది. నాలుగు జట్లు, ఒక ఫోను, పది వాక్యాలు. ఎవరి వాక్యం తప్పు లేకుండా పడితే వాళ్ళకి పాయింటు. 'వైన్' అన్నామా 'వైర్' అన్నామా తెర మీదే కనిపిస్తుంది. చెప్పింది పడకపోతే ఎందుకు పడలేదో జట్టంతా కొట్టుకుని తేల్చుకుంటారు.

రెండో శ్రోత మీరే. అవును, ఇది చదువుతున్న మీరు. బాంబు తెర బళ్ళో ఉంటుంది, మాన్యువల్ మీ దగ్గర. లేదా తిరగేసి, తెర మీ దగ్గర, మాన్యువల్ పిల్లల దగ్గర (ఇదే మేలు, చదవాల్సింది వాళ్ళు కాబట్టి). ఫోన్ కాల్ చాలు, వీడియో కూడా అక్కర్లేదు. ఒక్కటే షరతు, మీకు తెలుగు రాదు. పిల్లలు ఎంత బతిమాలినా రాదు. డల్లాస్‌లో శుక్రవారం రాత్రి పదిన్నరంటే ఇక్కడ శనివారం పొద్దున్న తొమ్మిది, చలికాలమైతే పది. వారాంతం సినిమా అరగంట ఆలస్యంగా చూస్తే సరిపోయే పని. అవతలి వాళ్ళకి మన యాస అర్థం కాకపోవడం, మనకి వాళ్ళది అర్థం కాకపోవడం, మర్యాద పోకుండా మళ్ళీ అడగడం... మనం ఆన్‌సైట్ కాల్స్‌లో ఏళ్ళ తరబడి పడ్డ పాట్లు ఆ పిల్లలు పదమూడేళ్ళకే, ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా పడతారు.

గేములో ఇంగ్లీషు ఉండాలని కూడా లేదు. బార్సిలోనాలో ఇంగ్లీషు చెప్పిన గ్రాహం స్టాన్లీ, కైల్ మావర్ అనే ఇద్దరు టీచర్లు 2011లో డిజిటల్ ప్లే అని పుస్తకం వేశారు. వాళ్ళకి ఇష్టమైన పద్ధతి ఏంటంటే బ్రౌజర్లో ఆడే చిన్న పజిలు గేము ఒకటి పెట్టి, దాన్ని ఎలా దాటాలో చెప్పే వాక్‌త్రూని చదివే పాఠంగానో వినే పాఠంగానో మార్చడం. చెక్ దేశం నుంచి 2003లో వచ్చిన సామొరోస్ట్ లాంటి గేములో చెప్పుకోదగ్గ మాటలే ఉండవు. అందుకే అది పనికొస్తుంది. ఏం కనిపిస్తోంది, ఏది నొక్కితే ఏమవుతుంది, ఇప్పుడేం చేద్దాం అన్న మాటలన్నీ క్లాసే పుట్టించుకోవాలి.

ఇలాంటివాటిలో బోలెడన్ని ఫ్లాష్‌లో చేసినవి. 2020 చివర్లో అడోబీ ఫ్లాష్‌ని ఆపేయడంతో టీచర్లు ఏళ్ళపాటు తయారుచేసుకున్న పాఠాలు ఒక్క దెబ్బకి తెర మీద బూడిదరంగు డబ్బాలైపోయాయి. రఫుల్ అనే ఎమ్యులేటర్ పుణ్యమా అని కొన్ని మళ్ళీ బతికాయి (రస్ట్‌లో రాశారు లెండి, ఆ భాష భక్తులు ఇప్పుడు మురిసిపోవచ్చు). పాఠాన్ని ఎవరి ప్లాట్‌ఫారానికో తాళ్ళతో కట్టేస్తే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. కాగితం మీద మాన్యువల్ ఉన్న గేముకి ఆ గండం సగమే.

కొనక్కర్లేని గేము కూడా చెప్తాను. మన దేశంలో గూగుల్ స్ట్రీట్ వ్యూ 2022 జులైలో వచ్చినప్పుడు మొదటి పది నగరాల్లో హైదరాబాదూ ఉంది. ఒకరిని తెర ముందు కూర్చోబెట్టి ఏదో ఒక వీధిలో వదలండి. మిగతా జట్టు చేతిలో ప్రింటు తీసిన మ్యాపు. తెర ముందున్నవాళ్ళు బోర్డులు, మలుపులు, గుళ్ళు, పెట్రోలు బంకులు వర్ణించాలి. మ్యాపు ఉన్నవాళ్ళు ప్రశ్నలు వేసి ఎక్కడున్నారో కనిపెట్టి, చార్మినారు దాకా నడిపించాలి. ప్రభు గారి మ్యాపు టాస్కుకి చక్రాలు తగిలించినట్టన్నమాట.

ఇక మనలాంటివాళ్ళు గేములు తయారుచేద్దామనుకుంటే ఒక హెచ్చరిక. మాథ్యూ కామ్, ఆయన బృందం మన దేశంలో పల్లె పిల్లలకి ఇంగ్లీషు నేర్పే మొబైలు గేములు చేశారు. పాశ్చాత్య వీడియో గేముల తరహాలో చేసినవి పిల్లలకి ఎక్కలేదు. దాంతో వెనక్కెళ్ళి, పల్లె పిల్లలు నిజంగా ఏం ఆడుకుంటారో కూర్చుని చూశారు. 28 సంప్రదాయ ఆటల్ని పరిశీలించి, వాటిని ఆధారం చేసుకుని గేములు ఎలా చేయాలో 2009లో ఒక పేపరు రాశారు. ఇందులో మనకి కొత్తేముంది, యూజర్ని అడక్కుండా రిక్వైర్‌మెంట్లు రాస్తే ఏమవుతుందో అదే. ఏడుపెంకులాటలో ఎంత అరుపు, ఎంత వాదన, ఎంత "నువ్వు అవుట్, కాదు నేను కాదు" ఉంటుందో గుర్తుతెచ్చుకోండి. మన పిల్లలకి ఆటంటే గొంతెత్తి ఆడేది. దాన్ని తీసుకెళ్ళి తలొంచుకుని వేలితో నొక్కే పనిగా మార్చింది మనమే.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, చదువుకున్న బడికి ఏదైనా చేద్దామని పాత బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో మాట వచ్చినప్పుడల్లా ట్యాబ్‌ల దగ్గరే ఆగుతుంది. పది ట్యాబ్‌లు, ఏడాది సబ్‌స్క్రిప్షను, ఒక ఫ్లెక్సీ. ప్రభుత్వాలదీ అదే దారి. 2022 డిసెంబరులో ఆంధ్రాలో ఎనిమిదో తరగతి పిల్లలకి, టీచర్లకి కలిపి బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు ఐదు లక్షలకు పైగా పంచారు. 2024 జులైకల్లా బైజూస్ కంపెనీ దివాలా విచారణలో పడింది. రాజకీయం పక్కనపెట్టి ఒక్క క్షణం ఆలోచించండి. ట్యాబ్ అంటే ఒక పిల్ల, ఒక తెర, చెవుల్లో ఇయర్‌ఫోను. మాట్లాడటానికి అవతల మనిషే లేరు. అదే 2023లో ఆంధ్రా హైస్కూళ్ళలో పెట్టిన పెద్ద టచ్ ప్యానెళ్ళున్నాయి చూశారా, ఒక గదికి ఒకటి, అవి నా లెక్కలో ఎంతో నయం. నేను చెప్పినవాటిలో స్ట్రీట్ వ్యూ లాంటివి నేరుగా దాని మీదే ఆడొచ్చు, బాంబు గేముకి ఒక పాత ల్యాప్‌టాప్ తగిలిస్తే సరి. నలభై మంది ఉన్న క్లాసులో ఒకే తెర ఉండటం లోటు కాదు. తెర ఒకరికే కనిపించి మిగతావాళ్ళకి కనిపించకపోవడమే ఇక్కడ కావాల్సింది.

నలభై మందిలో మాట్లాడేది నలుగురే కదా అంటారేమో. నిజమే, వదిలేస్తే ముందు బెంచీ వాళ్ళే మాన్యువల్ లాక్కుంటారు. అందుకే పేజీలు విడదీసి పంచాలి. వైర్ల పేజీ ఈ బెంచీకి, బటను పేజీ ఆ బెంచీకి, గుర్తుల పేజీ చివర్లో కూర్చుని ఎప్పుడూ నోరువిప్పని ఆ ఇద్దరమ్మాయిలకి. వాళ్ళ పేజీ అవసరం పడినప్పుడు క్లాసంతా వాళ్ళవైపే తిరుగుతుంది, వాళ్ళు చదివితే గానీ పని జరగదు. ఏ యాప్ లోపలా లేని ఫీచరు ఇది, కాగితం చింపితే వస్తుంది.

గొడవగా ఉంటుంది. పక్క క్లాసు లెక్కల మాస్టారు వచ్చి తలుపు కొడతారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో మాట్లాడటానికి మార్కులెక్కడున్నాయి అని తల్లిదండ్రులు అడుగుతారు, వాళ్ళ తప్పేం లేదు. అందుకని పదో తరగతి జోలికి పోకుండా ఏడు, ఎనిమిది తరగతుల్లో, వారానికి ఒక్క పీరియడు చాలంటాను. ఇంకో చిక్కుంది. మన ఇళ్ళలో ఆన్‌లైన్ గేము అంటే రమ్మీ, అప్పులు, పేపర్లో వార్త. తెలంగాణ 2017లో, ఆంధ్రా 2020లో డబ్బు పెట్టి ఆడేవాటిని నిషేధించాయి, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. చదువు కోసం ఆడేవాటికి ఆ చట్టంతో పేచీ లేదు, కానీ ఇంట్లో అమ్మకి ఆ తేడా ఎవరో ఒకరు చెప్పాలి. పేరెంట్స్ మీటింగు రోజు ఒక రౌండు వాళ్ళ ముందే ఆడించి చూపిస్తే తేలిగ్గా అయిపోతుంది.

ఖర్చు లెక్క కూడా చూసుకోండి. గేము ఒక్క కాపీ కొనాలి, మాన్యువల్ ఉచితం, 23 పేజీల జిరాక్సులు ఓ ఐదు సెట్లు. పది ట్యాబ్‌ల డబ్బులో ఇది ఎన్నో వంతో మీరే లెక్కేసుకోండి. ఇక హెడ్మాస్టరు గారికి "బాంబు గేము" అని మాత్రం మెసేజి పెట్టకండి, వెళ్ళి పక్కన కూర్చుని ఆడి చూపించండి. అప్పటికీ బళ్ళో బాంబు అనే మాట వద్దంటే, ఫ్యూజు బాక్సు అనండి. వైర్లున్నాయి, బటన్లున్నాయి, తప్పు వైరు ముట్టుకుంటే ఏమవుతుందో మన ఊళ్ళ పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.